మొక్కజొన్నయు చిక్కుడును: ఒక వంటకపు చరిత్రము

వంటయింటికి చరిత్ర మున్నదని మనలో ననేకులు తలంపరు. రాజుల దండయాత్రలు, సంధిపత్రములు, సింహాసనముల మార్పులు, ఇవియే చరిత్రమని పాఠశాలలలో నేర్చుకొంటిమి. పొయ్యిమీది కుండకు శాసనము లేదు. దానిని వండిన యిల్లాలి పేరు నే తామ్రపత్రమును చెప్పదు. అయినను ఒక జాతి వేలయేండ్లు గడించిన జ్ఞానమంతయు నొక్క కుండలో నిమిడియుండుట గలదు. ఆ జ్ఞానమును విడిచి గింజను మాత్రము గొనిపోయిన జనులు తరతరములుగ రోగపీడితులగుటయు గలదు. ఇట్టి కథకు ఉత్తర అమెరికాలో వేసవియందు వండుకొను నొక సామాన్యమైన కూర చక్కని నిదర్శనము. దాని పేరు సక్కోటాషు. మొక్కజొన్న గింజలును చిక్కుడు గింజలును కలిపి యుడికించుటయే దాని స్వరూపము.

మొదట వంటను చెప్పి పిదప చరిత్రమును చెప్పెదను. ఈ కూర జూలై మాసము మొదలు సెప్టెంబరు వరకు, లేత పొత్తులును పచ్చి చిక్కుడు గింజలును ఒక్కసారిగ దొరకు దినములలో రుచిగ నుండును. నలుగురికి నాలుగు లేత పొత్తులు చాలును. ఒలిచిన పచ్చి గింజలు రెండు చిన్న గిన్నెల నిండ నుండవలెను. అమెరికావారు దీనికి తరచుగ లీమా యను చిక్కుడును వాడుదురు. పెరూ దేశపు రాజధాని పేరే దానికి వచ్చినది. ముందుగ గింజలను నీటిలో వేసి, చేతితో నదిమిన మెదుగునంతవరకు బాగుగ నుడికించవలెను. ఈ జాతి గింజలను పచ్చిగ గాని అరకొరగ నుడికిన వానిని గాని తినరాదు. వానిలో సహజముగ నుండు విషపదార్థములు బాగుగ నుడికిననే తొలగును. తరువాత పొత్తును నిలువుగ పట్టి కత్తితో గింజలను కోసి, కత్తి వీపుతో బెండును గీకి, అందు మిగిలిన పాలను గూడ కుండలో వేయవలెను. కూరకు చిక్కదనమిచ్చునది ఆ పాలే. అయిదారు నిమిషములు సన్నని సెగను మ్రగ్గనిచ్చి, ఉప్పు, మిరియపు పొడి, కొంచెము వెన్న వేసి దించవలెను. కొందరు ఉల్లిపాయను, టమాటాను చేర్తురు. మొక్కజొన్న నెప్పుడును చివరనే వేయవలెను. ఎక్కువసే పుడికిన గింజ గట్టిపడును. పొత్తును కోసినది మొదలు గింజలోని తీపు పిండిగ మారుచుండును గనుక, ఉదయము కోసినదానిని ఆ పూటనే వండుకొనుట మేలు.

ఇంతటి సులభమైన వంటకములో చెప్పదగిన దేమున్నదని చదువరులకు తోపవచ్చును. పేరుతో మొదలిడుదము. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య తీరమున నారగాన్సెట్టు అను నాదిమ జాతివారు గలరు. రోజర్ విలియమ్సు అను నాంగ్లేయుడు వారి నడుమ మసలి, వారి భాష నేర్చుకొని, 1643 వ సంవత్సరమున లండనులో నొక గ్రంథమును ప్రకటించెను. అందు ‘మ్సిక్వాటాష్’ అను మాటకు నుడికించిన నిండు మొక్కజొన్న గింజలని యర్థము వ్రాసెను. ఆ మాటయే ఇంగ్లీషువారి నోట సక్కోటాషుగ మారినది. వలస వచ్చినవారు నదుల పేర్లను, పర్వతముల పేర్లను మాత్రమే గాక, కుండలోని కూర పేరును గూడ ఆ జాతులవద్దనే నేర్చిరన్నమాట.

ఈ రెండు గింజల స్నేహము కుండలో గాక పొలములోనే మొదలయినది. మొక్కజొన్న మెక్సికో దేశపు నైఋతి భాగమున, బాల్సాసు నదీప్రాంతమున, తియోసింతె అను నొక గడ్డిమొక్కనుండి సుమారు 9,000 ఏండ్ల క్రిందట మనుష్యుల చేతులలో రూపొందినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ గడ్డికి పొత్తు లేదు; రాతివంటి పెంకుగల గింజలు కొలదిగ నుండును. దానినుండి నేటి పొత్తు నెన్నిన యా కర్షకుల యోపిక యెంతటిదో యూహించుకొనవలసినదే. అక్కడినుండి మొక్కజొన్న క్రమముగ నుత్తరమునకు ప్రాకెను. చిక్కుడును గుమ్మడియు దానికి తోడయ్యెను. హోడెనొషోనీ అను ఆరు జాతుల కూటమివారు, అనగా ఇంగ్లీషువారు ఇరాక్వాలని పిలిచినవారు, ఈ మూటిని ముగ్గురు అక్కచెల్లెండ్రని ప్రేమతో పిలుతురు.

వారి సేద్యపు పద్ధతి మిక్కిలి వివేకముతో గూడినది. మట్టిని చిన్న దిబ్బలుగ చేసి, ఒక్కొక్క దిబ్బయందు కొన్ని మొక్కజొన్న గింజలను నాటుదురు. అవి జానెడు పెరిగిన పిమ్మట వాని మొదళ్లలో చిక్కుడు గింజలను నాటుదురు. చిక్కుడు తీగకు మొక్కజొన్న కాడయే పందిరి. దిబ్బల నడుమ గుమ్మడి తీగలు ప్రాకి, వాని వెడల్పు ఆకులు నేలను కప్పి, తేమ నాపి, కలుపును మొలవనీయవు. చిక్కుడు వేళ్లయందలి చిన్న బుడిపెలలో నొక విధమైన సూక్ష్మజీవులు వసించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు నెరువుగ మార్చును. ఈ రహస్యమును జర్మను శాస్త్రజ్ఞులగు హెల్‌రీగెలు, విల్‌ఫార్తు అనువారు 1886 మొదలు 1888 వరకు జరిపిన పరిశోధనలలో నిరూపించిరి. ఆ నత్రజని యధికభాగము చిక్కుడు ఆకులును వేళ్లును నేలలో కుళ్లిన పిమ్మట రాబోవు పంటకు దక్కును. ప్రయోగశాల లేని యా స్త్రీలు దాని ఫలమును చూపుతోనే గ్రహించి తరతరములుగ ననుసరించిరి.

స్త్రీలని యూరక వ్రాయలేదు. హోడెనొషోనీ వారిలో పొలము స్త్రీలది, పంట స్త్రీలది, విత్తనము స్త్రీలది. వంశము తల్లివైపుననే లెక్కింపబడును. ప్రతి కుల శాఖకును పెద్దయగు స్త్రీ నాయకుని ఎన్నుకొనును. అతడు దారి తప్పిన యెడల తొలగించును. ధాన్యపు కొట్టు తమ చేతిలో నున్న స్త్రీల మాటకు సభలోనే గాక యుద్ధ విషయములలో గూడ బలముండెడిది. అన్నము పెట్టు చేతికి గౌరవము లేనిచోట అన్నమునకు గూడ గౌరవముండదను మాట మన సంస్కర్తలు పలుమారులు చెప్పినదే. ఆ సమాజమున నది ఆచరణయం దుండెను.

మిస్సోరీ నదీతీరమున హిడాట్సా జాతికి చెందిన యొక వృద్ధురాలుండెను. ఆమె పేరునకు ఇంగ్లీషున బఫెలో బర్డ్ ఉమన్ అని యనువాదము. ఆమె తన జాతి స్త్రీల సేద్యమును, విత్తనముల యెంపికను, నేలలో త్రవ్విన పాతరలను, వంటలను గిల్బర్టు విల్సను అను పండితునకు వివరముగ చెప్పెను. ఆ వివరణము 1917 వ సంవత్సరమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారిచే గ్రంథరూపమున వెలువడినది. చిక్కుడు, ఎండబెట్టిన గుమ్మడి, వేయించిన మొక్కజొన్న పిండి, ప్రొద్దుతిరుగుడు గింజల పిండి, ఈ నాలుగును కలిపి వండు వంటకమును గూర్చి యామె చెప్పెను. ఏ గింజ దేనితో కలియవలెనో, ఏది ముందు, ఏది వెనుక యను విషయమున ఆమెకు సందేహము లేదు. అక్షరము నేర్వకపోయినను ఆమె శాస్త్రము నెరిగినదే.

ఈ కలయికలోని శాస్త్రమేమో చూతము. మన శరీరము మాంసకృత్తులను నిర్మించుకొనుటకు కొన్ని మూలపదార్థములు ఆహారమునుండియే రావలెను. మొక్కజొన్నలో వానిలో లైసీను, ట్రిప్టొఫాను అను రెండును తక్కువ. చిక్కుడు గింజలో లైసీను పుష్కలముగ నున్నది. ట్రిప్టొఫాను గూడ మొక్కజొన్నలో కంటె మెరుగు. చిక్కుడులో తక్కువయగు మెథియొనీను అను దానిని మొక్కజొన్న పూరించును. ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. మనము అన్నములో పప్పు కలుపుకొనుట గూడ నిట్టిదే. ఇంకొక మర్మము గలదు. నియాసిను అను విటమిను మొక్కజొన్నలో నున్నను, అది బంధింపబడి యుండుటచే మన ప్రేగులకు చాలవరకు చిక్కదు. మెక్సికోవారు గింజలను సున్నపు నీటిలోను, ఉత్తరపు జాతులవారు కట్టెల బూడిద నీటిలోను ఉడికించి, పొట్టు తీసి కడిగి వాడుదురు. ఈ క్షారముచేత నా బంధము విడిపోవును. బూడిదయు చిక్కుడును తోడున్న మొక్కజొన్న జాతులను పోషించినది. తోడులేని మొక్కజొన్న యేమి చేసెనో ముందు చూడగలరు.

1620 వ సంవత్సరపు నవంబరులో మేఫ్లవరు ఓడనుండి దిగిన ఆంగ్లేయులు, కేప్ కాడ్ తీరమున ఇసుకలో పాతరవేసిన మొక్కజొన్నను త్రవ్వి తీసికొనిరి. మరల వెదకగా ఇంకను కొంత ధాన్యమును, ఒక సంచెడు చిక్కుడు గింజలును దొరికెను. అవి యొరుల విత్తనములని వారెరుగుదురు. పిదప వెల యిచ్చితిమని వ్రాసికొనిరి. ఆ చలికాలమున వారిలో సగముమంది మరణించిరి. 1621 వ సంవత్సరపు వసంతమున టిస్క్వాంటమ్ అను పటక్సెట్టు జాతివాడు, దిబ్బలో చేపల నెరువుగ వేసి మొక్కజొన్న నాటుటను వారికి నేర్పెను. ఇతని చరిత్ర మిక్కిలి దుఃఖకరము. 1614 వ సంవత్సరమున నొక ఆంగ్ల నావికుడు ఇతనిని మోసముతో నెత్తుకొనిపోయి స్పెయినులో బానిసగ నమ్మెను. లండను మీదుగ 1619 లో స్వగ్రామమునకు తిరిగివచ్చి చూచునప్పటికి, ఐరోపానుండి వచ్చిన యంటువ్యాధిచే తన వారందరును నశించి, ఊరు పాడుపడి యుండెను. ఆ పాడుపడిన యూరిమీదనే ఆంగ్లేయులు ప్లిమత్తును కట్టుకొనిరి. తన జాతిలో మిగిలిన యొక్కడు, తన యూరి నేలపై, పరదేశులకు నాట్లు నేర్పెను.

నూటనలువదియెనిమి దేండ్లకు, 1769 వ సంవత్సరపు డిసెంబరు 22 వ తేదిన, ప్లిమత్తులోని పెద్దమనుష్యులు తమ పూర్వుల రాకను స్మరించుకొనుచు విందు చేసికొనిరి. పూర్వుల వంటకముగ సక్కోటాషును ఆ విందున వడ్డించిరి. నాటినుండి అది యా యూరి పండుగ వంట యైనది. ఆ విందు జరిగిన పదియేండ్లకే, 1779 వ సంవత్సరమున, స్వాతంత్ర్య యుద్ధమున బ్రిటిషువారి పక్షము వహించిన హోడెనొషోనీ జాతులపై జార్జి వాషింగ్టను యాజ్ఞచే జాన్ సల్లివను సేనాని దండెత్తెను. నలువదికి పైగా నూళ్లు దహింపబడెను. పండి కోతకు వచ్చిన చేలను సైనికులు నరికి కాల్చిరి. నష్టమైన మొక్కజొన్న 1,60,000 బుషెళ్లని సల్లివనే తన నివేదికలో వ్రాసెను. చిక్కుడు చేలును ఫలవృక్షములును గూడ నేలమట్టమయ్యెను. ఆ చలికాలమున వేలకొలది స్త్రీలు, బిడ్డలు, వృద్ధులు నయాగరా కోటవద్ద బ్రిటిషువారి యన్నమునకై కాచుకొనిరి; ఆకలిచేతను చలిచేతను ననేకులు చనిపోయిరి. కూరను పండుగ చేసి తిన్న దేశమే, ఆ కూరను నేర్పినవారి చేలను కాల్చెను. ఈ రెండు సంగతులను వేరువేరు పుటలలో వ్రాయుట చరిత్రకారుల యలవాటు. ఒక్క పుటలో వ్రాసినగాని వాని యర్థము తెలియదు.

ఇక గింజ యొంటరిగ చేసిన ప్రయాణమును గూర్చి చెప్పవలెను. 1492 లో కొలంబసు వెంటవచ్చినవారు క్యూబాలో మొక్కజొన్నను చూచిరి. అనతికాలమున నది స్పెయిను, ఇటలీ దేశములకు వ్యాపించెను. దిగుబడి యధికము, వెల తక్కువ. కావున భూస్వాములు గోధుమను అమ్ముకొని బీదలకు మొక్కజొన్నను మిగిల్చిరి. గింజ వచ్చెను గాని సున్నపు నీటి సంస్కారము రాలేదు. 1735 వ సంవత్సరమున స్పెయినులోని అస్తూరియా ప్రాంతమున గాస్పరు కసాలు అను వైద్యుడు, మొక్కజొన్నయే ప్రధానాహారముగ గల బీదలకు చర్మము ఎఱ్ఱబారి పగులుటయు, శరీరము క్షీణించుటయు కనిపెట్టెను. 1771 లో ఇటలీలో ఫ్రాపోలి అను వైద్యుడు దానికి పెలాగ్రా అను పేరును ప్రకటించెను. గరుకైన చర్మమని దాని యర్థము. చర్మము చెడుట, విరేచనములు, మతిభ్రంశము, తుదకు మరణము, ఇదియే యా వ్యాధి క్రమము.

తుదకు మొక్కజొన్న పుట్టిన ఖండముననే ఈ వ్యాధి ప్రబలెను. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో ప్రత్తి కౌలుదార్లును మిల్లు కూలీలును మొక్కజొన్న పిండి, బెల్లపు పాకము, క్రొవ్వు మాంసము, వీనితోనే బ్రతుకుచుండిరి. ఇంటి గడపవరకు ప్రత్తి వేయవలసి వచ్చుటచే కూరపాదు వేసికొనుటకు నేల లేదు. 1906 మొదలు 1940 వరకు ముప్పది లక్షలమంది ఈ వ్యాధిపాలై, లక్షమంది మరణించిరని యంచనా. ఇది యంటువ్యాధి యని కొందరు, వంశములోని దోషమని కొందరు వాదించిరి. బీదవాని రోగమునకు బీదవాని రక్తమే కారణమనుట యెల్ల దేశములలోను సుఖముగ నున్నవారికి సులభమైన సమాధానము.

1914 వ సంవత్సరమున ప్రభుత్వముచే నియమింపబడిన జోసెఫ్ గోల్డ్‌బర్గరు అను వైద్యుడు ఆశ్రమములను, పిచ్చియాసుపత్రులను పరీక్షించి యొక చిన్న సంగతి గమనించెను. రోగులకు వ్యాధి వచ్చుచుండెను గాని, వారి నడుమనే తిరుగు పరిచారకులకు రాలేదు. అంటువ్యాధి యైన యెడల పరిచారకుల నేల విడుచును? భేదము భోజనములో నున్నదని యతడు గ్రహించెను. అనాథాశ్రమములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, వానితోపాటు చిక్కుడు, బఠాణీ గింజలు సమృద్ధిగ పెట్టించెను. వ్యాధి దాదాపుగ మాయమయ్యెను. 1915 లో మిసిసిపీ రాష్ట్రములోని యొక కారాగార క్షేత్రమున, విడుదల చేయుదుమను వాగ్దానముమీద నొప్పుకొన్న ఖైదీలకు పిండి వంటలు మాత్రమే పెట్టగా, పదునొకండుగురిలో నార్గురికి వ్యాధి వచ్చెను. స్వేచ్ఛను ఎరగ చూపి రోగము తెప్పించుటను నేడు మనమెవ్వరము సమర్థింపము. అయినను గోల్డ్‌బర్గరు తన శరీరమును గూడ విడువలేదు. 1916 లో అతడును సహచరులును రోగుల రక్తమును తమ దేహములలో నెక్కించుకొనిరి. అతని భార్య మేరీ గూడ నట్లే చేసెను. ఎవ్వరికిని వ్యాధి రాలేదు. అప్పటికిని లోకము సంపూర్ణముగ నమ్మలేదు. అతడు 1929 లో మరణించెను. 1937 లో కాన్రడు ఎల్వెహ్యెము అను శాస్త్రజ్ఞుడు నికోటినిక్ ఆమ్లము, అనగా నియాసినే, ఆ లోపమును తీర్చు పదార్థమని నిరూపించెను.

గోల్డ్‌బర్గరుతో పనిచేసిన ఎడ్గరు సిడెన్‌స్ట్రికరు అను నర్థశాస్త్రజ్ఞుడు దక్షిణ కరోలినా మిల్లు గ్రామములలో నింటింటి భోజనమును, ఆదాయమును లెక్కించి, ఆదాయము తగ్గినకొలది వ్యాధి పెరుగుచున్నదని చూపెను. మందు సీసాలో నున్నదని లోకము వెదకుచుండగా, అది కూలిలోను, కూరపాదులోను, చిక్కుడు తీగలోను నుండెను.

ఈ కథ మనకు దూరపుది కాదు. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగ గల బీదలలో పెలాగ్రా కానవచ్చెను. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలయందు కొలుత్తూరు గోపాలన్, శ్రీకంఠయ్య అను వైద్యులు దీనిని పరిశోధించి, జొన్నలో నెక్కువగ నున్న లూసీను అను పదార్థమునకు ఇందు పాత్ర గలదను సిద్ధాంతమును 1960 లో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై పండితులలో వాదములు జరిగినవి. కాని జొన్నరొట్టెతో పప్పును, ఆకుకూరను, మజ్జిగను చేర్చుకొన్న యింట నీ వ్యాధి యరుదను విషయమున వాదములేదు. లోపము జొన్నది కాదు, తోడులేని జొన్నది. దాని తోడును కొనలేని బీదరికముది.

మిస్సోరీ తీరపు కథకు గూడ ముగింపు చెప్పవలెను. బఫెలో బర్డ్ ఉమన్ వర్ణించిన నదీతీరపు సారవంతమైన నేలలు 1953 లో గారిసను ఆనకట్టచే నీటిపాలయ్యెను. అక్కడి మూడు జాతులవారును మెట్టలకు తరలిపోవలసి వచ్చెను. అయినను విత్తనము చావలేదు. న్యూయార్కు రాష్ట్రమున గనొండగాన్ అను సెనెకా జాతి పూర్వపు గ్రామస్థలమున నేడు వారి తెల్ల మొక్కజొన్నను మరల పండించి, క్షారపు నీటిలో నుడికించి వాడుకను పునరుద్ధరించుచున్నారు. కాల్చిన చేల వంశము ఇంకను చిగిర్చుచునే యున్నది.

సోదరీమణులారా, సోదరులారా! మన యింటి వంటలలో నెన్నిటిని మనము మోటువని విడిచిపెట్టితిమో యొకసారి తలంచుకొందము. తెల్లని బియ్యమే నాగరకత యని, జొన్న, రాగి, కొఱ్ఱ కూలివారి తిండియని, అవ్వ చేసిన కలగలుపు కూర చదువులేనివారి యలవాటని యనుకొన్న దినములున్నవి. పెద్దలు చేసినదంతయు శాస్త్రమని నమ్ముట యెంత తప్పో, పరీక్షింపకయే త్రోసివేయుట యంత తప్పు. గోల్డ్‌బర్గరువలె భోజనపు పళ్లెమును చూచుటయే సరియైన మార్గము: ఎవరి పళ్లెములో నేమున్నది, ఎవరి పళ్లెములో నేమిలేదు?

లేత పొత్తులు దొరకిన దినమున ఈ కూరను వండి చూడుడు. లీమా గింజలకై వెదకనక్కరలేదు. రాయలసీమవారి పచ్చి అనపగింజలు, లేక పచ్చి అలసంద గింజలు చాలును. వడ్డించునప్పుడు పిల్లలకు ఈ కథ చెప్పుడు. ముఖ్యముగ పాడుపడిన తన యూరిలో నిలిచి పరులకు నాట్లు నేర్పిన యా మనుష్యుని కథ చెప్పుడు. పిదప, ఇంటిలో పనిచేయు నామె పళ్లెములో గూడ ఆ కూర పడినదా లేదా చూచుకొనుడు.